కడవ కింద కుదురు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 27 ఏళ్లు. తిరుపతిలో ఒక ప్రైవేటు సంస్థలో అయిదేళ్లుగా పనిచేస్తున్నాను. పోయిన నెల టీమ్ లీడర్ పోస్టుకి ఇంటర్వ్యూ జరిగింది. ఎదురుగా ముగ్గురు కూర్చున్నారు. జవాబులన్నీ తెలుసు, కానీ గొంతు వణికింది, చేతిలో కాగితం వణికింది, ఒక చోట మాట ఆగిపోయింది. పోస్టు రాలేదు. కారణం అడిగితే "సబ్జెక్ట్ ఉంది, పాయిజ్ లేదు" అన్నారు. ఇంటికొచ్చి ఆ మాటకి అర్థం వెతికాను. శరీరం తూలకుండా నిలవడం అని ఒక చోట, నడకలో నిలబడటంలో ఉండే తీరు అని ఇంకో చోట, మనసు చెదరకపోవడం అని మరో చోట, ద్రవాల చిక్కదనానికి కొలత అని కూడా ఉంది. ఇందులో నాకు లేనిది ఏది? అమ్మ మాత్రం "నిండుకుండ తొణకదు, నువ్వు చిన్నప్పటి నుంచీ తొణికేదానివే" అంటోంది. ఇంకో సంగతి. మా అవ్వకి 74. పూతలపట్టు దగ్గర పల్లె నుంచి మా దగ్గరికి వచ్చింది. ఈ మధ్య నడుస్తుంటే తూలుతోంది, రెండుసార్లు పడబోయింది. డాక్టరు బ్యాలెన్స్ ఎక్సర్‌సైజులు చేయించమన్నారు. అవ్వకీ బ్యాలెన్స్ లేదు, నాకూ లేదంటున్నారు. రెండూ ఒకటేనా? ఇది పుట్టుకతో రావాల్సిందా, నేర్చుకుంటే వస్తుందా? ఆరు నెలల్లో మళ్లీ ఇంటర్వ్యూ ఉంది.
ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు:

నీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. రెండోసారి "అవ్వకీ లేదు, నాకూ లేదు, రెండూ ఒకటేనా" అన్న చోట ఆగిపోయాను. ముప్పై ఏళ్లకు పైగా ఆడపిల్లలకి ఫిజిక్స్ చెప్పినదాన్ని. ఇంత సూటి ప్రశ్న క్లాసులో చాలా తక్కువసార్లు విన్నాను. నా జవాబు ముందే చెప్పేస్తాను. చాలావరకు ఒకటే. అవ్వ నేర్చుకోబోయేదీ, నువ్వు నేర్చుకోవాల్సిందీ ఒకే విద్య. పుట్టుకతో వచ్చేది అందులో కొంచెమే.

ముందు ఆ చిక్కదనం సంగతి తేల్చేద్దాం, లేకపోతే నీ మనసులో అది అడ్డం పడుతూనే ఉంటుంది. ద్రవాల చిక్కదనాన్ని కొలిచే పాయిజ్‌కీ నీ ఇంటర్వ్యూకీ ఏ చుట్టరికమూ లేదు. ప్వాజోయ్ అనే ఫ్రెంచ్ వైద్యుడు (1797–1869) సన్నటి నాళాల్లో రక్తం ఎలా పారుతుందో తెలుసుకోవాలని, సన్నటి గాజు గొట్టాల్లో ద్రవాలు పారించి కొలతలు తీశాడు. ఆయన పేరు మీదుగా ఆ కొలతకి పాయిజ్ అని పెట్టారు. 20 డిగ్రీల దగ్గర నీళ్ల చిక్కదనం దాదాపు పాయిజ్‌లో నూరో వంతు. తేనెది నీళ్లకి కొన్ని వేల రెట్లు. లడ్డూ చేసేవాళ్లు పాకాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి తీగ సాగిందా అని చూస్తారే, వాళ్లు చూసేది ఈ గుణాన్నే. అది మనిషి పేరు నుంచి వచ్చిన మాట. అక్షరాలు కలిశాయి, అంతే.

నిన్ను అన్న పాయిజ్ పుట్టింది తూకం దగ్గర. లాటిన్‌లో తూచడం, వేలాడదీయడం అనే అర్థమున్న క్రియ ఒకటుంది. అది పాత ఫ్రెంచ్‌లో బరువు అనే మాటగా మారి ఇంగ్లీషులోకి వచ్చింది. మొదట బరువు, తర్వాత రెండు పక్కలా బరువు సమంగా ఉండటం, తర్వాత మనిషి తన బరువుని మోసుకునే తీరు, చివరికి మనసు నిలకడ. నీకు దొరికిన మూడు అర్థాలూ ఒకే తాడుకి కట్టినవే. పాత కిరాణా కొట్లలో వేలాడే త్రాసు నువ్వు చూసి ఉండవచ్చు. రెండు పళ్లేల్లో బరువు సమమైనప్పుడు ముల్లు టక్కున ఆగిపోదు. అటు కొంచెం, ఇటు కొంచెం ఊగి, ఊపు తగ్గుతూ తగ్గుతూ నడిమికి వచ్చి నిలుస్తుంది. మొదటి నుంచీ కదలని ముల్లు ఉన్న త్రాసుకి తుప్పు పట్టి ఉంటుంది. దానితో తూస్తే ఎవరూ కొనరు.

తెలుగులో దీనికి మాటలకి కొదవ లేదు. నిలకడ, నిబ్బరం, స్థిమితం, నిదానం. నన్నడిగితే మాత్రం కుదురు అంటాను. ఎందుకో చెప్పాలంటే మా అమ్మ వంటింట్లోకి వెళ్లాలి.

మా ఇంట్లో నీళ్లకి మట్టి కడవ ఉండేది. మట్టి కడవ అడుగు గుండ్రంగా ఉంటుంది. ఉత్త బండ మీద పెడితే నిలవదు, ఒక పక్కకి ఒరుగుతుంది. అందుకని ఎండుగడ్డిని తాడులా పేని, గుండ్రంగా చుట్టి కింద పెట్టేవాళ్లు. దాని పేరే కుదురు. అమ్మ బావి నుంచి నీళ్లు తెచ్చి, కడవ మెడ ఒక చేత్తో, అడుగు ఒక చేత్తో పట్టి కుదురు మీద ఆనించేది. ఆనించగానే చేతులు తీసేది కాదు. కడవని వేళ్లతో కొద్దిగా అటూ ఇటూ కదిపేది. లోపల నీళ్లు గుబుక్కుమనేవి. రెండు మూడు ఊపుల తర్వాత గడ్డి ఒక చోట నొక్కుకుని కడవ కూర్చున్నట్టు ఒక చిన్న చప్పుడయ్యేది. అప్పుడు చేతులు తీసేది. నెత్తిన మోసేటప్పుడైతే పాత గుడ్డని మెలిపెట్టి చుట్టకుదురు చేసి, దాని మీద పెట్టేది. మనం పిల్లల్ని "కుదురుగా కూర్చో" అన్నా, పెళ్లి సంబంధం కుదిరిందన్నా, మనసు కుదుటపడిందన్నా నాకు అందులో కనిపించేది ఆ గడ్డి చుట్టే. కడవ అడుగు గుండ్రంగా ఉండటం కడవ తప్పని మా అమ్మ ఎప్పుడూ అనుకోలేదు. కింద ఏం పెట్టాలో ఆమెకి తెలుసు.

ఇప్పుడు శరీరం సంగతి చూద్దాం. ఈ ఉత్తరం పక్కన పెట్టి, గోడ అందేంత దూరంలో చెప్పుల్లేకుండా నిలబడు. ఒక కాలు ఎత్తు. నేల మీదున్న పాదం వైపు మనసు పెట్టి చూడు. బొటనవేలు నొక్కుతుంది, వదులుతుంది. చీలమండ దగ్గర కండరాలు సన్నగా లాగుతూనే ఉంటాయి. బయటినుంచి చూసేవాళ్లకి నువ్వు కదలకుండా నిలబడినట్టే ఉంటుంది. లోపల మాత్రం క్షణానికొకసారి ఒరగడం, సర్దుకోవడం, ఒరగడం, సర్దుకోవడం. రెండు కాళ్ల మీద నిలబడినా ఇదే జరుగుతుంది, ఊపు చిన్నది కాబట్టి మనకి తెలియదు. ఇప్పుడు కళ్లు మూసుకో. పది లెక్కపెట్టేలోపే చాలామంది కాలు దించేస్తారు.

కళ్లు మూసుకుంటే ఏం పోయిందో ఆలోచించు. మనం నిలబడటానికి మెదడు మూడు చోట్ల నుంచి వార్తలు తెప్పించుకుంటుంది. కళ్లు ఒకటి. అరికాళ్లు, కీళ్లు, కండరాలు రెండోది. లోపలి చెవి మూడోది. ఒక్కో చెవిలో మూడు అర్ధవృత్తాకార నాళాలు ఉంటాయి, వాటిలో ద్రవం ఉంటుంది. తల తిప్పితే ఆ ద్రవం కదిలి, ఏ వైపు ఎంత తిరిగామో చెబుతుంది. వాటి పక్కనే చిన్న సంచుల్లో సున్నపు రేణువులు ఉంటాయి. తల ఎటు వంగిందో, మనం ఎటు కదులుతున్నామో అవి చెబుతాయి. ఈ మూడు వార్తల్నీ కలిపి చూసి, చిన్నమెదడు కండరాలని సర్దుతూ ఉంటుంది. కళ్లు మూస్తే ఒక వార్త ఆగిపోయింది, మిగిలిన రెండింటి మీదే బరువు పడింది.

మీ అవ్వ విషయంలో జరుగుతున్నది చాలావరకు ఇదే కావచ్చు. కళ్లలో శుక్లాలు ఉంటే ఒక వార్త మసకబారుతుంది. షుగర్ ఎక్కువ కాలంగా ఉంటే అరికాళ్ల స్పర్శ తగ్గవచ్చు. వయసుతో తొడ కండరాలు పలచబడతాయి, తూలినప్పుడు పట్టి ఆపే బలం తగ్గుతుంది. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకి మంచం మీద నుంచి గబుక్కున లేస్తే రక్తపోటు పడిపోయి కళ్లు తిరగవచ్చు. పక్క మీద అటు నుంచి ఇటు తిరిగినప్పుడు మాత్రమే కొన్ని క్షణాలు గది గిర్రున తిరిగితే, చెవిలోని ఆ సున్నపు రేణువులు చోటు తప్పి నాళంలోకి జారాయేమో డాక్టరు చూస్తారు. తలని ఒక వరసలో తిప్పి వాటిని వెనక్కి పంపే పద్ధతి ఉంది, మందు అక్కర్లేకుండానే చాలామందికి తగ్గుతుంది. కాబట్టి ఎక్సర్‌సైజులు మొదలుపెట్టే ముందు అవ్వ కళ్లు, షుగర్, కూర్చున్నప్పుడూ నిలబడ్డాకా బీపీ, వాడే మాత్రల చీటీ, ఇవన్నీ ఒక డాక్టరు ఒకసారి చూడాలి. మన ఊళ్లో స్విమ్స్, రుయా, బర్డ్ ఆసుపత్రులు ఉన్నాయి, దూరం పోనక్కర్లేదు. ఒకవేళ తూలడం ఉన్నట్టుండి మొదలై, మూతి ఒక పక్కకి పోయినా, మాట ముద్దయినా, ఒక చెయ్యి పడిపోయినా అది వేరే సంగతి. అప్పుడు 108కి ఫోన్ చెయ్యాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

65 దాటినవాళ్లు వారానికి కనీసం 3 రోజులు బ్యాలెన్స్‌కీ, కండబలానికీ పనికొచ్చే కసరత్తు చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, 74 ఏళ్లకి కూడా బ్యాలెన్స్ పెంచుకోవచ్చు అనే అర్థం అందులో ఉంది. చెవి కొత్తది రాదు, కళ్లు కొత్తవి రావు. ఉన్న వార్తలతోనే సర్దుకోవడం మెదడు మళ్లీ నేర్చుకుంటుంది. ఇక 27 ఏళ్ల నీకు "పుట్టుకతో రావాలా" అన్న సందేహం ఎందుకమ్మా?

ఫిజియోథెరపీ చేసేవాళ్లు పెద్దవాళ్లలో ఒకటి గమనిస్తారు. నడుస్తున్నప్పుడు ఏదైనా అడిగితే కొందరు జవాబు చెప్పడానికి నడక ఆపేస్తారు. వాళ్లకి నడకే పూర్తి పని అయిపోయింది, మాట కోసం మిగిలిన ధ్యాస లేదు. నీ ఇంటర్వ్యూలో మాట ఆగిపోయిన చోటు నాకు అచ్చం ఇలాగే అనిపించింది. నువ్వు జవాబు చెప్పడం ఒక పని. నీ చెయ్యి వణుకుతోందా, వాళ్లు చూస్తున్నారా, గొంతు ఎలా ఉంది అని నిన్ను నువ్వే కాపలా కాయడం ఇంకో పని. రెండో పని ధ్యాసంతా తినేసింది.

మహతి ఆడిటోరియంలో ఒకసారి కూచిపూడి తరంగం చూశాను. ఇత్తడి పళ్లెం అంచుల మీద రెండు పాదాలు, నెత్తిన నీళ్ల చెంబు. పళ్లేన్ని కాళ్లతో జరుపుకుంటూ ఆ పిల్ల వేదిక ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లింది. నేను ముందు వరసలో కూర్చుని ఆమె కళ్లే చూశాను. ఒక్కసారి కూడా పళ్లెం వైపు చూడలేదు. చూపు ఎదురుగా, అభినయంలో, తను చూపిస్తున్న కృష్ణుడి మీద ఉంది. కాళ్లు వాటి పని అవి చేసుకుంటున్నాయి. గాబ్రియేలె వుల్ఫ్ అనే పరిశోధకురాలు దీన్నే ప్రయోగం పెట్టి చూసింది. అటూ ఇటూ ఊగే పలక మీద మనుషుల్ని నిలబెట్టి, కొందరిని తమ పాదాల మీద ధ్యాస పెట్టమని, కొందరిని పలక మీద వేసిన గుర్తుల మీద పెట్టమని చెప్పింది. పాదాల గురించి ఆలోచించినవాళ్ల కంటే బయటి గుర్తుల మీద ధ్యాస పెట్టినవాళ్లు బాగా నేర్చుకున్నారు. శరీరాన్ని కాపలా కాస్తే శరీరం బిగుసుకుంటుంది.

కాబట్టి నీ కాపలాని తప్పించాలి. "టెన్షన్ పడకు" అని నీకు ఎంతోమంది చెప్పి ఉంటారు. ఆ మాటతో ఏ పనీ జరగదు, ఎందుకంటే అది మళ్లీ నీ మీదకే నీ ధ్యాసని తెస్తుంది. చూపు పడాల్సింది ప్రశ్న మీద. అడిగినావిడ ఏం తెలుసుకోవాలనుకుంటోంది, ఆమెకి పనికొచ్చే మాట ఏది, అన్నదాని మీద.

ఒక ఊరట మాట కూడా చెప్తాను. మన లోపలి దడ మనకి వినిపించినంత గట్టిగా ఎదుటివాళ్లకి వినిపించదు. సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే ఇద్దరు 2003లో అచ్చు వేసిన పరిశోధనలో ఉపన్యాసం ఇచ్చినవాళ్లు తాము ఎంత కంగారుగా కనిపించామనుకున్నారో, విన్నవాళ్లకి అంతగా కనిపించలేదని తేలింది. ఇంకా మంచి సంగతి, ఈ మాట ముందే చెప్పి పంపినవాళ్లు మెరుగ్గా మాట్లాడారు. నీకు ఇప్పుడు చెప్పాను కదా, గుర్తు పెట్టుకో.

వణుకు ఎందుకొస్తుందో తెలిస్తే దాని మీద కోపం తగ్గుతుంది. ఎదురుగా ముగ్గురు కూర్చుని తూచి చూస్తుంటే శరీరం దాన్ని ఆపద అనుకుంటుంది. అడ్రినలిన్ వస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, పరిగెత్తడానికి కండరాలు బిగుసుకుంటాయి. పరిగెత్తే అవకాశం లేదు కాబట్టి ఆ బిగువు వేళ్లలో, గొంతులో వణుకుగా బయటపడుతుంది. నీ చేతిలో ఉన్నది ఒంటి కాగితం. వేలి చివర వెంట్రుకవాసి వణుకు కాగితం అంచు దగ్గర అంగుళం అవుతుంది. చేతిలో గట్టి అట్ట ఉన్న ఫైలు ఉంటే అదే వణుకు ఎవరికీ కనిపించదు. ఇంకా మంచిది, కాగితం బల్ల మీద పెట్టేయడం.

కుర్చీ అంచున కూర్చోకు. నడుము వెనక్కి ఆనించి, రెండు అరికాళ్లూ నేల మీద పూర్తిగా ఆనేలా కూర్చో. నిలబడి మాట్లాడాల్సి వస్తే పాదాలు నడుము వెడల్పున ఉంచి, మోకాళ్లు బిగించకుండా వదులుగా ఉంచు. ఆధారం ఎంత వెడల్పుగా ఉంటే, బరువు ఎంత కిందికి ఉంటే వస్తువు అంత నిలకడగా ఉంటుందని స్కూలు పిల్లలకి కూడా చెబుతాం. ఊపిరి విషయంలో ఒక్కటే సూత్రం. గాలి పీల్చేటప్పుడు గుండె వేగం కొంచెం పెరుగుతుంది, వదిలేటప్పుడు తగ్గుతుంది. అందుకని నాలుగు లెక్కల్లో పీల్చి ఆరు లెక్కల్లో వదులు. లోపలికి పిలిచే ముందు ఇలా అయిదారుసార్లు చాలు. గుండె విరుచుకుని రెండు నిమిషాలు నిలబడితే హార్మోన్లు మారిపోతాయని వీడియోల్లో చెబుతుంటారు. 2010లో 42 మంది మీద చేసిన ప్రయోగం అది. 2015లో 200 మంది మీద మళ్లీ చేస్తే హార్మోన్లలో ఆ మార్పు కనిపించలేదు. ధైర్యంగా అనిపిస్తే నిలబడు, తప్పేం లేదు, కానీ దాన్నే నమ్ముకోకు. ఎవరో ఇంటర్వ్యూ ముందు గుండె దడ తగ్గించే ప్రొప్రనోలాల్ మాత్ర వేసుకున్నారని నువ్వూ వేసుకోకు. ఆయాసం (ఆస్తమా) ఉన్నవాళ్లకి అది ప్రమాదం. డాక్టరు చూడకుండా ఆ మాత్ర జోలికి ఎవరూ వెళ్లకూడదు.

ఇప్పుడు మీ అమ్మ సామెత దగ్గరికి వస్తాను. నిండుకుండ తొణకదు. ఇది ఫిజిక్స్‌లో కూడా చాలావరకు నిజం. నీళ్లు తొణకాలంటే ఊగడానికి చోటుండాలి. సగం నిండిన నీళ్ల ట్యాంకరు మలుపు తిరిగినప్పుడు నీళ్లన్నీ ఒక పక్కకి పోటెత్తి బండినే లాగుతాయి. అందుకే పెద్ద ట్యాంకర్ల లోపల అడ్డగోడలు పెడతారు. నిండా ఉన్నదానికి ఆ బాధ తక్కువ. అయితే సామెతలో కుండ పుట్టుక గురించి ఒక్క ముక్క కూడా లేదు చూడు. సామెత చెబుతున్నది నింపడం గురించి. ఏ కుండైనా నింపితే తొణకదు. "చిన్నప్పటి నుంచీ తొణికేదానివే" అన్నది సామెత మాట కాదు, అది అమ్మ దిగులు. కూతురికి పోస్టు రాలేదన్న బాధ ఆమెకీ ఉంటుంది.

నీకు సబ్జెక్ట్ ఉందని వాళ్లే ఒప్పుకున్నారు. కానీ టీమ్ లీడర్ పనిలో సబ్జెక్ట్ కాని భాగం ఒకటుంది. ఇద్దరు కొట్లాడుకుంటే ఏం చేస్తావు, గడువు దాటితే పైవాళ్లకి ఎలా చెబుతావు, నీకంటే పెద్దవాడి పనిలో తప్పు ఎలా చూపిస్తావు. నీ మాట ఆగిపోయిన ప్రశ్న ఈ రకానిదేనా అని గుర్తు తెచ్చుకో. అదే అయితే కుండ ఆ వైపు వెలితిగా ఉంది. ఆరు నెలలు దాన్ని నింపడానికి చాలా సమయం. ఇప్పుడు ఆ పనిలో ఉన్నవాళ్లలో నీకు నచ్చిన ఒకరిని టీకి పిలిచి అడుగు, నీ అయిదేళ్లలో జరిగిన నాలుగు సంఘటనలు రాసుకో. రాసుకుని మనసులో చదువుకోకు, నోటితో పైకి చెప్పు. మనసులో చదివింది నోటికి రాదు, ఇది నా క్లాసులో ఏటా చూసిందే.

ఎంత నింపినా ఏదో ఒక మూల వెలితి ఉంటుంది. దానికీ పల్లెల్లో ఉపాయం ఉంది, మీ అవ్వని అడుగు. దూరం నుంచి నీళ్లు మోసుకొచ్చే ఆడవాళ్లు కడవలో రెండు వేపరెమ్మలు వేసేవాళ్లు. ఆకులు నీళ్ల మీద తేలుతూ అలని లేవనివ్వవు, నీళ్లు చిందవు. నీకూ అలాంటి రెమ్మలు రెండు కావాలి. "ఒక్క నిమిషం ఆలోచించి చెప్తానండీ" అన్నది ఒకటి. "ఇది నాకు అనుభవంలో రాలేదు, వస్తే మొదట ఇలా చేస్తాను" అన్నది రెండోది. ఈ రెండు మాటలూ నాలుక మీద సిద్ధంగా ఉంటే తెలియని ప్రశ్న వచ్చినప్పుడు లోపల అల లేచినా బయటికి చిందదు.

నా సంగతి ఒకటి చెప్తాను. నేను మొదటిసారి క్లాసుకి వెళ్లినప్పుడు ఎదురుగా తొంభై మంది. బోర్డు మీద శీర్షిక రాస్తుంటే సుద్దముక్క విరిగింది, ఇంకోటి తీసుకుంటే అదీ విరిగింది. సాయంత్రం స్టాఫ్ రూములో ఒక పెద్దావిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రెండు మాటలు చెప్పారు. "మొదటి వాక్యం నిద్రలో లేపినా చెప్పేలా చేసుకో. సుద్దముక్క పొట్టిది పట్టుకో." పొట్టి ముక్క విరగదు, ఒత్తిడి పడేంత పొడవు దానికి ఉండదు. మొదటి వాక్యం నోటికొచ్చి ఉంటే గొంతు తన దారి తాను పడుతుంది, ఈలోపు గుండె సర్దుకుంటుంది. నేను రిటైరయ్యే రోజు దాకా ప్రతి కొత్త బ్యాచ్‌కీ మొదటి వాక్యం ముందే అనుకుని వెళ్లాను. అదే నా గడ్డి చుట్ట.

అలిపిరి మెట్ల దారిలో నువ్వు ఎక్కే ఉంటావు. 3,550 మెట్లు. అక్కడ మెట్లపూజ మొక్కుకున్నవాళ్లు ప్రతి మెట్టుకీ వంగి పసుపు కుంకుమ పెడతారు. ఒకసారి ఒక పెద్దావిడ వెనక చాలాసేపు నడిచాను. ఎడమ చెయ్యి మోకాలి పైన ఆనించి వంగుతుంది, కుడి చేత్తో పసుపు రాసి బొట్టు పెడుతుంది, లేస్తుంది. లేచి నిటారుగా అయ్యాక, ఒక్క ఊపిరి తీసుకుని, అప్పుడు పై మెట్టుకి కాలు వేస్తుంది. వంగినచోటు నుంచే పై మెట్టుకి ఎక్కిన కుర్రవాళ్లు ఇద్దరు తూలారు, ఆమె ఒక్కసారి కూడా తూలలేదు. జవాబుకీ జవాబుకీ మధ్య అలా నిటారుగా లేచే క్షణం ఒకటి పెట్టుకో. ప్రశ్న విన్న వెంటనే నోరు తెరవకు. ఆ రెండు క్షణాల నిశ్శబ్దం నీకు పొడుగ్గా అనిపిస్తుంది, వినేవాళ్లకి అనిపించదు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఆ ముగ్గురూ పాయిజ్ లేదన్నది సరిగ్గా దేన్ని చూసి అన్నారో తెలుసుకోకుండా తలవంచుకోకు. కొన్నిచోట్ల ఆ మాట వెనక యాస ఉంటుంది. మన చిత్తూరు వైపు మాటలో తమిళం కలిసిన ఒక లయ ఉంది, ఇంగ్లీషు మాట్లాడినా అది పోదు. పోవాల్సిన పని కూడా లేదు. ఆడపిల్ల గొంతు కొంచెం వణికితే పాయిజ్ లేదనడం, మగవాడు గొంతు పెంచి అరిస్తే గట్టి మనిషి అనడం నేను చాలా చూశాను. అరవడం కూడా తొణకడమే. అందుకని ఒక చిన్న మెయిల్ రాయి. ఏ ప్రశ్న దగ్గర, ఏం కనిపించింది, ఏం మారితే బాగుంటుంది అని మర్యాదగా మూడు మాటలు. చెప్పగలిగితే నీకు పనికొచ్చే వివరం దొరుకుతుంది. చెప్పలేకపోతే ఆ తీర్పుకి ఎంత బరువివ్వాలో నీకే తెలుస్తుంది.

మరీ ముఖ్యంగా, లోపల పొంగుతుంటే పైన మూత బిగించి పెట్టడాన్ని పాయిజ్ అనుకోకు. భావాన్ని ముఖం మీద కనపడనివ్వకుండా నొక్కిపెట్టినంత మాత్రాన లోపల శరీరం పడే శ్రమ తగ్గదు, పెరగవచ్చు కూడా. మన ఇళ్లలో ఆడవాళ్లు ఆ పని తరతరాలుగా చేశారు, దాన్ని గొప్పగా చెప్పుకున్నాం. నువ్వు ఇంటర్వ్యూ అయ్యాక ఇంటికొచ్చి ఏడిచి ఉంటే అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

రోజూ చెయ్యాల్సింది ఒక్కటి చెప్తాను. సాయంత్రం నువ్వు ఆఫీసు నుంచి వచ్చాక అవ్వా నువ్వూ వంటింటి గట్టు దగ్గర పక్కపక్కన నిలబడండి. అవ్వ రెండు చేతులూ గట్టు మీద పెట్టి, మడమలెత్తి వేళ్ల మీద నిలబడి దిగాలి, పదిసార్లు. తర్వాత గట్టు పట్టుకునే ఒక కాలు ఎత్తి నీతో పాటు పది లెక్కపెట్టాలి, మళ్లీ రెండో కాలు. తర్వాత కుర్చీలోంచి, వీలైతే చేతులు ఊతం పెట్టకుండా, లేచి కూర్చోవాలి, అయిదుసార్లు. డాక్టరు చెప్పినవి ఇంకేమైనా ఉంటే అవి. ఉదయం పక్క మీద నుంచి లేచేటప్పుడు ఒక నిమిషం మంచం అంచున కూర్చుని లేవమను. రాత్రి బాత్రూం దారిలో ఒక చిన్న లైటు వెలగనివ్వు, దారిలో జారే గోనెపట్టాలు తీసెయ్యి, జారే హవాయి చెప్పులకి బదులు వెనక పట్టీ ఉన్నవి కొను.

అవ్వ కాలు ఎత్తి నిలబడినప్పుడు నువ్వూ ఎత్తు, గట్టు ముట్టుకోకుండా. అలా నిలబడి నీ ఇంటర్వ్యూ జవాబు ఒకటి పైకి చెప్పు. మొదటి వారం జవాబు మధ్యలో కాలు దిగిపోతుంది. దిగితే దిగనీ, మళ్లీ ఎత్తి వదిలేసిన మాట దగ్గర నుంచే అందుకో. మూడు నాలుగు వారాలకి కాలు సంగతి నీకు గుర్తుండదు, మాట మీదే ఉంటావు. అవ్వతో మాత్రం మొదట్లో ఆ సమయంలో మాట్లాడించకు, ఆమె ధ్యాస కాళ్ల మీదే ఉండనివ్వు. బాగా అలవాటయ్యాక, గట్టు మీద ఒక్క వేలు ఆనించి నిలబడగలిగే రోజున, చుట్టకుదురు ఎలా చుట్టేవాళ్లో అడుగు, నిలబడే చెబుతుందేమో చూద్దువుగానీ. ఆ వేలు కూడా తీసే ముందు వెనక కుర్చీ వేసి ఉందో లేదో చూసుకో.